ఒక్క బొమ్మ ముందు ఇరవై నిమిషాలు: హైదరాబాద్‌లో ఆర్ట్ గ్యాలరీకి వెళ్లి రావడం ఎలా

కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేలోపు కిటికీలోంచి కనిపించే హోర్డింగులు ఒకరోజు లెక్కపెట్టాను. ఎర్రగడ్డ దాటేసరికి ముప్ఫై అయ్యాయి. అక్కడితో లెక్క వదిలేశాను. అమీర్‌పేటలో మెట్లు దిగితే కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి, వాటి కింద పాంప్లెట్లు పంచే పిల్లలు. ఆ రాత్రి పడుకునే ముందు, చూసినవాటిలో ఎన్ని గుర్తున్నాయో రాద్దామని నోట్‌బుక్ తీశాను. మూడు గుర్తొచ్చాయి. ఒక నగల దుకాణం, ఒక అపార్ట్‌మెంట్ వెంచర్, ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. నగల దుకాణం పేరు మాత్రం ఎంత ఆలోచించినా రాలేదు.

ఇది జ్ఞాపకశక్తి లోపం కాదు. ఒకసారి చేయి బారుగా చాపి బొటనవేలి గోరు చూడండి. మన కంటికి ఒక క్షణంలో పూర్తి స్పష్టంగా కనిపించేది దాదాపు ఆ గోరంత మేరే. చుట్టూ ఉన్నదంతా మసక. ఆ మసకలో ఏముందో తెలుసుకోవడానికి కన్ను సెకనుకు మూడు, నాలుగు సార్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకుతుంటుంది. ఆ ముక్కలన్నీ కలిపి మెదడు మనకు ఒక నిండు దృశ్యంలా చూపిస్తుంది. వీధిలో హోర్డింగు, చేతిలో ఫోన్, మెట్రో డబ్బాలో ప్రకటన, ఆఫీసులో స్క్రీన్, ఇంటికొచ్చాక టీవీ. ఇవన్నీ ఆ దూకుడును తమవైపు లాక్కోవడానికే తయారైనవి. సాయంత్రానికి కళ్లు మండుతున్నాయంటాం. మంటకు స్క్రీన్ ముందు రెప్పలు సరిగా వేయకపోవడం ఒక కారణమే. కానీ నాకు అంతకంటే పెద్ద అలసట ఇంకోటి ఉందనిపిస్తుంది. రోజంతా ఎటు చూడాలో మనం నిర్ణయించుకోలేదు. ఎవరో నిర్ణయించారు.

ఆర్ట్ గ్యాలరీకి నేను వెళ్లేది ఈ ఒక్క పని కోసం, ఎటు చూడాలో నేనే నిర్ణయించుకోవడానికి. చిత్రకళ గురించి ఏమీ తెలియకపోయినా ఇది చేయొచ్చు. టికెట్ ఖర్చు దాదాపు ఉండదు, ఒక పూట చాలు. నాలుగేళ్లుగా నేను పాటిస్తున్న పద్ధతి ఇదీ.

1. ముందు రోజు: మీ లెక్క మీరు రాసుకోండి

గ్యాలరీకి వెళ్లేముందు రోజు, ఇంటి నుంచి ఆఫీసుకో కాలేజీకో వెళ్లే దారిలో పదిహేను నిమిషాలు కనబడిన ప్రకటనలన్నీ లెక్కపెట్టండి. ఫోన్ తీస్తే అందులో వచ్చేవీ కలపండి. రాత్రికి గుర్తున్నవి మాత్రం రాయండి. మొదటి అంకె, రెండో అంకె పక్కపక్కనే పెట్టి ఆ కాగితం దాచుకోండి. దీనితో తర్వాత పని ఉంది. ఈ మెట్టు వదిలేయాలనిపిస్తుంది, వదలకండి. ఎంత చూస్తున్నామో మనకే తెలియనప్పుడు, తక్కువ చూడడంలో ఉన్న హాయి అర్థం కాదు.

2. ఎక్కడికి వెళ్లాలి

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది మాధాపూర్‌లో కావూరి హిల్స్ దగ్గరున్న స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్. అమీర్‌పేటలో నీలం లైన్‌కు మారి మాధాపూర్ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి ఆటోలో కొద్ది దూరం. హాళ్లు పెద్దవి, గోడలు తెల్లగా ఖాళీగా ఉంటాయి. ఐటీ ఆఫీసుల అద్దాల మధ్య నుంచి వచ్చి ఆ తెల్ల గోడ ముందు నిలబడగానే కంటికి చన్నీళ్లు చల్లినట్టుంటుంది. ప్రదర్శనలు మారుతూ ఉంటాయి. ఆ వారం ఏదైనా ఉందో లేదో ముందే కనుక్కుని బయల్దేరండి. రెండు ప్రదర్శనల మధ్య రోజుల్లో వెళితే హాలు ఖాళీగా ఉండొచ్చు.

బంజారా హిల్స్‌లో కళాకృతి, జూబ్లీ హిల్స్‌లో సృష్టి లాంటి ప్రైవేటు గ్యాలరీలు ఉన్నాయి. చాలామంది వీటిలోకి అడుగు పెట్టరు. "కొనేవాళ్లే వెళ్లాలేమో, ఏమైనా అడుగుతారేమో" అని టెన్షన్. ఎవరూ ఏమీ అడగరు. తలుపు తీసి, నమస్కారం చెప్పి, "ఊరికే చూడ్డానికి వచ్చానండీ" అంటే చాలు. చూసేవాళ్లు రావాలనే వాళ్లు తలుపులు తెరుస్తారు. ధర అడగనక్కర్లేదు, అడిగినా తప్పు లేదు.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో అజంతా కుడ్యచిత్రాల నకళ్లు ఉన్నాయి. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లలో కూడా వీటిని చూడనివాళ్లు చాలామంది ఉన్నారు. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలోనే ఉండేది. గుహల చీకట్లో కష్టపడి చూడాల్సినదాన్ని ఇక్కడ వెలుతురులో చూడొచ్చు.

ఇక సాలార్‌జంగ్ మ్యూజియం. దీన్ని మొదటిసారికి వద్దంటాను. గొప్పది కాబట్టే వద్దంటాను. ఒకప్పుడు నిజాం దగ్గర ప్రధానిగా చేసిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో కన్నుమూశాక, ఆయన సేకరణను 1951 డిసెంబరు 16న వాళ్ల పాత నివాసం దివాన్ దేవ్‌డీలో నెహ్రూ ప్రజలకు తెరిచారు. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి 1968లో మారింది. కత్తులు, గడియారాలు, దంతం కుర్చీలు, పింగాణీ, చిత్రాలు, గది వెంట గది. వాటి మధ్య నడుస్తుంటే బయట బజారులో కలిగిన ఉక్కిరిబిక్కిరే మళ్లీ మొదలవుతుంది. కాళ్లు లాగుతాయి, కళ్లు దేనిమీదా నిలవవు. దీనికి "మ్యూజియం ఫటీగ్" అని 1916లోనే బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ పేరు పెట్టాడు. అద్దాల పెట్టెల్లో వస్తువుల్ని సరిగ్గా చూడ్డానికి మనిషి ఎలా వంగాలో, ఎలా మెడ తిప్పాలో ఫొటోలు తీసి మరీ చూపించాడు. మన మ్యూజియాల్లో ఒక గంట గడిపిన ఎవరికైనా ఆ భంగిమలు తెలిసినవే.

సాలార్‌జంగ్‌కు రెండోసారో మూడోసారో వెళ్లండి. ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగితే దగ్గర. శుక్రవారం సెలవు. వెళ్లినా ఒక్క వస్తువు కోసమే వెళ్లండి. దాని గురించి తర్వాత చెబుతాను.

3. ఎప్పుడు, ఎవరితో

పనిదినం, పొద్దున, గ్యాలరీ తెరిచిన గంటలోపు. కుదరకపోతే శనివారం పొద్దున. ప్రదర్శన ప్రారంభోత్సవం రోజున వెళ్లకండి. ఆరోజు పలకరింపులు, టీ, ఫొటోలు ఉంటాయి. బొమ్మలకు అందరి వీపులే కనిపిస్తాయి.

కడుపు నిండా టిఫిన్ చేసి వెళ్లండి, కాళ్లకు మెత్తటి చెప్పులు వేసుకోండి. ఒక చిన్న నోట్‌బుక్, ఒక పెన్సిల్ తీసుకెళ్లండి. చిత్రాల దగ్గర సిరా పెన్నును చాలాచోట్ల ఒప్పుకోరు, పెన్సిలే మేలు.

ఒంటరిగా వెళ్లడం మంచిదని చెప్పాలనుకున్నాను గానీ, మా పెద్దమ్మ గుర్తొచ్చి ఆగుతున్నాను. సిద్దిపేట దగ్గర పల్లె నుంచి కంటి డాక్టర్ దగ్గరికని వచ్చింది. అపాయింట్‌మెంట్ సాయంత్రానికి. అప్పటిదాకా ఏం చేద్దామని తోటికోడలితో అంటుంటే, నాతో గ్యాలరీకి తీసుకెళ్లాను. అక్కడ తోట వైకుంఠం గారి బొమ్మలున్నాయి. నల్లటి ఒళ్లు, రూపాయి కాసంత బొట్టు, ముదురు ఎరుపు పసుపు చీరలు, పక్కకు తిరిగిన ముఖాలు. ఆయన 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు, చిన్నప్పుడు చూసిన తెలంగాణ ఆడవాళ్లను, ముఖ్యంగా తన తల్లిని, జీవితమంతా గీస్తూ వచ్చారు. నేను రంగుల గురించి ఏదో చెప్పబోయాను. పెద్దమ్మ చేత్తో వారించింది.

"ఆగు బిడ్డా. ఈ కొప్పు మా అత్త గిట్లనే పెట్టుకునేది. పొలం పోయేటప్పుడు గట్టిగ, పండుగ దినం జర జారిడిసి. ఇది పండుగ కొప్పు."

ఆ తర్వాత ఆమె ఆ బొమ్మను చూసినంతసేపు నేను ఆ హాల్లో దేన్నీ చూడలేదు. ముక్కుపుడక ఏ వైపుందో చూసింది, చీర కుచ్చిళ్లు ఎటు తిరిగాయో చూసింది, బొట్టు కింద పసుపు ఉందా లేదా అని ముందుకు వంగింది. చీర కట్టిన చేతులకు చీర బొమ్మలో కనిపించేది నాకు కనిపించదని ఆరోజు తెలిసింది. కాబట్టి ఎవరినైనా తీసుకెళ్లండి గానీ, వాళ్లకు మీరు వివరించకండి. పక్కన నిలబడండి, అంతే.

పిల్లల్ని తీసుకెళితే మొత్తం చూపించాలని పెట్టుకోవద్దు. "ఈ గదిలో ఎన్ని పిట్టలున్నాయో కనుక్కో" అని పని అప్పజెప్పండి. పిట్టలైపోయాక ఇంటికి రావొచ్చు.

4. ఫోన్ సంచిలో

సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకుంటే సరిపోదు. చేయి దానంతటదే జేబులోకి వెళుతుంది. సంచి లాకర్‌లో పెట్టమంటే సంతోషంగా పెట్టేయండి, ఫోన్‌తో సహా.

ఫొటో తీస్తే ఇంటికెళ్లి తీరిగ్గా చూడొచ్చు కదా అంటారు. చూడం. నా ఫోన్‌లోనే గ్యాలరీల ఫొటోలు వందల కొద్దీ ఉండేవి, ఒక్కటీ మళ్లీ తెరిచింది లేదు. 2014లో లిండా హెంకెల్ అనే అమెరికన్ పరిశోధకురాలు ప్రచురించిన పరీక్షలో, మ్యూజియంలో ఫొటో తీసిన వస్తువులను మనుషులు ఊరికే చూసినవాటికంటే తక్కువగా గుర్తుపెట్టుకున్నారు. కెమెరా దాచుకుంటుందిలే అని మనసు ఆ పని మానేస్తుందన్నమాట. అదే పరీక్షలో ఇంకో విషయం తేలింది. వస్తువులో ఒక్క భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినవాళ్లకు జ్ఞాపకం తగ్గలేదు. అంటే తప్పు కెమెరాది కాదు, మనసు పెట్టకుండా తీయడానిది. తప్పనిసరిగా ఫొటో కావాలంటే, అన్నీ చూడడం అయిపోయాక, అనుమతి అడిగి, ఒక్కటి తీసుకోండి.

5. ఒక చుట్టు, ఆగకుండా

లోపలికి వెళ్లగానే మొదటి బొమ్మ దగ్గర ఆగకండి. గుడిలో ప్రదక్షిణ చేసినట్టు హాలంతా ఒక చుట్టు తిరగండి, పది నిమిషాలు. బొమ్మల పక్కనుండే ఏ చీటీ చదవకండి, ఎవరి పేరూ చూడకండి. ఏ బొమ్మ దగ్గర కాలు కాస్త నెమ్మదించిందో గమనించుకోండి. నచ్చడమే కారణం కానక్కర్లేదు. చిరాకు పుట్టినా సరే, అర్థం కాకపోయినా సరే. అలాంటివి మూడు ఎంచుకోండి. అందులోంచి ఒకటి.

మిగతావి వదిలేస్తున్నామే అని మనసు పీకుతుంది. ఆ పీకుడు రోజూ ఫోన్‌లో తర్వాతిది ఏముందో అని వేలు కదిపించేదే. ఈ ఒక్క పూటకు దాన్ని పీకనివ్వండి.

6. ఇరవై నిమిషాలు

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులను గమనించి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒక చిత్రం ముందు జనం గడిపిన సమయం సగటున 27 సెకన్లు. సగంమంది 17 సెకన్లకు మించి లేరు. ప్రపంచంలోకెల్లా పేరున్న చిత్రాల ముందు సంగతి ఇది. కాబట్టి ఇరవై నిమిషాలంటే ఎక్కువనిపించడం సహజం. కుర్చీయో బెంచీయో ఉంటే కూర్చోండి. లేకపోతే నిలబడండి, ఒక కాలి నుంచి ఇంకో కాలికి బరువు మార్చుకోండి.

మన ప్రాంతంలో బొమ్మను ఇంతసేపు చూడడం కొత్తేమీ కాదు. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, తెల్ల సుద్ద పట్టించి, దానిమీద ఎర్రటి నేపథ్యంలో పురాణం మొత్తం గీసేవాళ్లు. పటం గజాల కొద్దీ పొడవుండేది. కూనపులివాళ్లు పద్మశాలీల వాడల్లో మార్కండేయ పురాణం చెబుతూ, ఆ పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ, ఒక్కో గడి మీద కర్ర ఆనించి పాడేవాళ్లు. ఆ గడిలో కథ అయ్యేదాకా వందమంది కళ్లు అక్కడే. తర్వాతి గడి కోసం తొందరపడినా లాభం లేదు, అది ఇంకా చుట్టలోనే ఉంది. మన ఫోన్‌లో కూడా బొమ్మలు కిందికి జరుగుతూనే వస్తాయి గానీ, ఆపి పాడేవాడు లేడు.

నేను చేసింది చెబుతాను. ఒక ప్రింట్‌మేకింగ్ ప్రదర్శనలో, చదువు ఈమధ్యే అయిపోయిన ఒక కుర్రవాడి ఎచింగ్, అంటే లోహపు పలక మీద గీసి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ. నలుపు తెలుపు, రెండు జానల వెడల్పు. ఇంటి ముందు వాకిలి, నులక మంచం, మంచానికి కట్టిన మేక. అంతే అనుకున్నాను.

మొదటి రెండు నిమిషాల్లో "మేక, మంచం, ఇల్లు" అని పేర్లు పెట్టేశాను. పేర్లు పెట్టడం అయిపోగానే కన్ను వెళ్లిపోదామంటుంది. మూడో నిమిషం నుంచి ఆరో నిమిషం దాకా చాలా కష్టం. ఆఫీసు పని గుర్తొచ్చింది, కరెంటు బిల్లు గుర్తొచ్చింది, పక్క బొమ్మ ఇంకా బాగున్నట్టు కనిపించింది. ఇక్కడే అందరూ కదిలిపోతారు. కదలకండి. నేను ఒక పని పెట్టుకున్నాను, తాడు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూద్దామని. మేక మెడ దగ్గర మొదలైంది, నేలమీద రెండు మెలికలు తిరిగింది, మంచం కోడుకు చుట్టుకుంది. ఆ కోడు నేలను తాకడం లేదు. దాని కింద ఇటుక ఉంది. మంచానికి ఒక కోడు విరిగింది, ఇటుకతో ఎత్తు సరిచేశారు, విరిగిన కోడుకే మేకను కట్టారు. అంటే మేక గట్టిగా గుంజితే మంచం ఒరుగుతుంది. అది తెలిశాక మేక చెవులు చూశాను. రెండూ వెనక్కి ఉన్నాయి. మేక గుంజబోతోంది.

పన్నెండో నిమిషంలో దగ్గరికి వెళ్లాను, కాగితానికి జానెడు దూరంలోకి. ఎచింగ్ ఎలా తయారవుతుందో కాస్త తెలిస్తే ఇక్కడ కన్నుకు పట్టు దొరుకుతుంది. రాగి లేదా జింకు పలక మీద మైనంలాంటి పూత పూస్తారు. సూదితో ఆ పూత మీద గీస్తే, గీసినచోట లోహం బయటపడుతుంది. యాసిడ్‌లో ముంచితే బయటపడిన గీతల్ని అది తింటుంది. ఎక్కువసేపు ఉంచితే గీత లోతుగా, నల్లగా వస్తుంది. పూత తీసేసి, గీతల్లోకి సిరా కూరి, పైపైది తుడిచేసి, తడి కాగితం పరిచి ప్రెస్‌లో తిప్పితే, కాగితం గీతల్లోకి దిగి సిరాను పీల్చుకుంటుంది. అందుకే బొమ్మ చుట్టూ పలక అంచు ఒత్తుకున్న గుంట వేలుతో తడిమితే తెలిసేలా ఉంటుంది. తడమకూడదు, పక్కకు జరిగి ఏటవాలుగా చూస్తే వెలుతురులో కనిపిస్తుంది. కింద ఎడమవైపు పెన్సిల్‌తో 4/20 లాంటి అంకె ఉంటే, ఆ పలక నుంచి తీసిన ఇరవైలో ఇది నాలుగోదని. మన దగ్గర ఈ పనిలో పెద్ద పేరు లక్ష్మా గౌడ్ గారిది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదివి, పల్లె మనుషులనూ మేకలనూ ఆ సన్నటి గీతల్లోకి తెచ్చారు. ఆయన తర్వాత ఇక్కడ మేకను చెక్కే ప్రతి కుర్రవాడికీ ఆయనతో ఏదో ఒక మాట ఉంటుంది.

దగ్గరగా చూస్తే వాకిలి నేలంతా ఒకే నలుపు కాదు. వేలకొద్దీ గీతలు, అడ్డంగా కొన్ని, వాటిమీద ఏటవాలుగా కొన్ని. తలుపు చీకటి మాత్రం గీతలు లెక్కపెట్టలేనంత చిక్కగా ఉంది. ఆ చీకట్లో, గడప పక్కన, నాలుగు వేళ్లు. ఎవరో తలుపు వెనక నిలబడి చెక్కను పట్టుకుని ఉన్నారు. పదిహేడు నిమిషాలు చూసినా కనబడని మనిషి. నా మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆ మనిషి మేక గుంజుతుందని చూస్తోందా, బయటికి రావడానికి భయపడుతోందా, నన్ను చూస్తోందా?

ఇరవై నిమిషాలైనా అలాగే ఉండిపోయాను.

మీ బొమ్మలో దాగిన చేయి ఉండకపోవచ్చు. అయినా ఏదో ఒకటి ఉంటుంది. దొరకాలంటే కన్నుకు చిన్న పనులు ఇవ్వండి. వెలుతురు ఏ వైపు నుంచి వస్తోంది? నీడలన్నీ దానికి ఒప్పుకుంటున్నాయా? అన్నిటికంటే చిక్కటి రంగు ఎక్కడుంది, పలుచటిది ఎక్కడుంది? ఆయిల్ రంగైతే పక్కకు జరిగి చూడండి, కుంచె తిరిగిన చాళ్లు కనబడతాయి. తర్వాత గది అవతలి గోడ దాకా వెనక్కి నడిచి చూడండి. ఏమీ అర్థంకాని నైరూప్య చిత్రమైతే ఈ పనులే ఇంకా బాగా పనిచేస్తాయి, పేర్లు పెట్టి పారిపోయే వీలు అక్కడ ఉండదు కాబట్టి.

చివరి ఐదు నిమిషాలు నోట్‌బుక్ తీయండి. బొమ్మలో ఒక్క ముక్కను గీయండి, చెవి, చెంబు, ఏదైనా. గీత బాగా రాదు, రానక్కర్లేదు. గీయాలంటే చెవి ఎక్కడ తలకు అతుక్కుందో చూడక తప్పదు, అదీ లాభం. గీయనంటే ఐదు వాక్యాలు రాయండి. ఒకటే షరతు: "బాగుంది", "అద్భుతం" అన్న మాటలు రాయకూడదు. కనబడింది మాత్రమే రాయాలి.

చీటీ అప్పుడు చదవండి. పేరు, సంవత్సరం, కొలతలు, ఏ మాధ్యమమో. ముందే చదివితే శీర్షిక చెప్పిందే చూస్తాం. ఆ కుర్రవాడి ఎచింగ్ పేరు చదివాను, ఒకే మాట: "అమ్మ."

7. సాలార్‌జంగ్‌లో ఒక్క వస్తువు

ఇదే పద్ధతితో సాలార్‌జంగ్‌కు వెళితే, నా సలహా మేలిముసుగు రెబెక్కా. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. అందరూ "రాయిలో పల్చటి గుడ్డ చెక్కాడు" అని ఆశ్చర్యపోయి ముందుకు కదులుతారు. మీరు ఆగి, అది గుడ్డ అని మన కన్ను ఎందుకు నమ్ముతోందో చూడండి. అక్కడ పారదర్శకమైనది ఏమీ లేదు, ఒకే రాయి. ముక్కు మీద, పెదవుల మీద మడతలు ఎక్కడ కలిసిపోయాయి, చెంప పక్కన ఎక్కడ విడిపోయాయి, అని ఒక్కో మడతనూ పైనుంచి కిందికి వెంబడించండి. ముసుగు ఉన్నట్టు అనిపించేదంతా ఆ కలయికల్లో ఉంది. మిగతాది మన మెదడే అల్లుకుంటోంది. రోజూ ప్రకటనలు మన చేత ఎన్ని అల్లిస్తున్నాయో ఆలోచన రాకుండా ఉండదు.

గంట కొట్టే ముందు గడియారం దగ్గరికి జనం పోతారు, చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొట్టడం చూడ్డానికి. ఆ సమయంలో మిగతా గదులు ఖాళీ అవుతాయి. రెబెక్కా దగ్గరుండడానికి అదే మంచి అదను.

8. బయటికి వచ్చాక

ఈ మెట్టు కోసమే మిగతావన్నీ. ఫోన్ తీసుకున్నా అరగంట తెరవకండి. ఒక టీ తాగండి, కొంత దూరం నడవండి. కన్ను ఇంకా నెమ్మదిగానే ఉంటుంది. ఆ నెమ్మదితో వీధిని చూడండి.

ఒక హోర్డింగు ఎంచుకుని దాన్నీ బొమ్మలాగే చూడండి. పోయే బండి మీది మనిషికి రెండు మూడు సెకన్లలో అందాలని తయారైంది అది. అందుకే ముఖం అంత పెద్దది, మాటలు అంత తక్కువ, పసుపు మీద ఎరుపు. ముఖం కళ్లు ఎటు చూస్తున్నాయి? ఫోన్ నంబరు వైపా, నగ వైపా? ఐదు నిమిషాలు చూస్తే ఇంక చూడ్డానికి ఏమీ మిగలదు. ఆ ఎచింగులో పదిహేడో నిమిషంలో మనిషి దొరికింది, ఇక్కడ ఐదో నిమిషానికి గోడ తగులుతుంది. ఈ తేడా ఎవరో చెబితే కాదు, ఒకే రోజు రెండూ చూస్తేనే ఒంటికి పడుతుంది.

ఆ తర్వాత చేత్తో రాసిన బోర్డుల కోసం వెతకండి. ఫ్లెక్సీ వచ్చాక బాగా తగ్గిపోయాయి గానీ పాతబస్తీలో, పంక్చర్ షాపుల దగ్గర, ఆటోల వెనక ఇంకా ఉన్నాయి. అక్షరం పక్కన నీడ గీతలో కుంచె ఎక్కడ ఎత్తాడో కనిపిస్తుంది. మోండా మార్కెట్ దగ్గర ఒక షట్టర్ మీద "ళ" అక్షరం చూసి పది నిమిషాలు నిలబడ్డాను. ఆ మెలికను ఒక్క ఊపులో తిప్పాడు, రంగు చివర్లో పలచబడింది.

9. ఇంట్లో

ఇక్కడ ఎక్కువ చెప్పేది లేదు. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ తెరను నలుపు తెలుపులోకి మార్చండి, సెట్టింగుల్లో ఉంటుంది. రంగు పోయాక లాగుడు తగ్గుతుంది, నాకు తగ్గింది. స్క్రీన్ ముందు పనిచేసేవాళ్లు ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల దూరంలోని దేన్నైనా ఇరవై సెకన్లు చూడాలని కంటి డాక్టర్లు చెప్పేది తెలిసిందే. మా కిటికీకి ఎదురుగా ఒక వేపచెట్టు ఉంది, నాది అదే. హాల్లో ఒక గోడను పూర్తిగా ఖాళీ చేయండి, క్యాలెండర్లు కూడా తీసేసి. కొన్నాళ్లు ఖాళీగానే ఉంచి, తర్వాత ఒకే ఒక బొమ్మ పెట్టండి. యువ కళాకారుల ప్రింట్లు, పెయింటింగులంత ఖరీదు ఉండవు. అదీ వద్దంటే మీ పిల్లలు గీసింది ఫ్రేమ్ కట్టించండి.

నెలకోసారి వెళ్లండి. వెళ్లిన ప్రతిసారీ మర్నాడు అదే దారిలో మళ్లీ లెక్కపెట్టి, మొదటి రోజు కాగితం పక్కన రాయండి. నా కాగితంలో హోర్డింగుల అంకె పెద్దగా మారలేదు, అవి ఎక్కడికి పోతాయి. మారింది రెండో గడి, రాత్రికి గుర్తున్నవి రాసేది. పోయిన నెల అందులో ఏ ప్రకటన పేరూ రాయలేదు. భరత్‌నగర్ వంతెన కింద కూరగాయల బండి మీద తడిపిన గోనెపట్టా, దానిమీద వరసగా పేర్చిన సొరకాయలు, చివరిదానికి ఇంకా ఊడని ఎండిన పువ్వు.